ఆటలోంచి ఒకరిని తీసేసే ముందు...



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సారు కబురు చేసినప్పుడు, చదువు గురించో క్రమశిక్షణ గురించో రాద్దామనుకున్నాము. అవి ప్రతి ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుకని ఈసారి ఒక ఆట గురించి, ఆ ఆటలో జరిగిన ఒక పెద్ద వాదన గురించి మీకు తెలియజేయదలచుకున్నాము. చివరిదాకా చదివితే ఇది ఆటకు మాత్రమే సంబంధించిన సంగతి కాదని మీకే అర్థమవుతుంది.

పి.జి. హాస్టల్లో మా గదిలో ముగ్గురం ఉంటాము. ముగ్గురి ఇళ్లలోనూ డిగ్రీ దాటిన మొదటివాళ్లం మేమే. రాత్రి భోజనాలయ్యాక ఒకే ఫోన్ మధ్యలో పెట్టుకుని పోకెమాన్ పోటీలు ఆడుతుంటాము. ఈ వాదన మాకు అలా తెలిసిందే.

ఆట ఎలా ఉంటుంది?

పోకెమాన్ 1996లో జపాన్‌లో పుట్టిన వీడియో ఆట. టీవీలో పికాచును చూడనివాళ్లు మీలో తక్కువే. అయితే పోటీ ఆట టీవీ కథలాగా ఉండదు, చదరంగానికి దగ్గరగా ఉంటుంది. ఇద్దరు ఆటగాళ్లు చెరి ఆరు జీవులతో జట్టు కట్టుకుంటారు. బరిలో ఒక్కొక్కటే దిగుతుంది. ప్రతి జీవికీ ప్రాణశక్తి, దాడి, రక్షణ, వేగం అంకెల్లో ఉంటాయి. నీరు నిప్పును ఆర్పినట్టు ఒక్కో రకానికి ఇంకో రకం విరుగుడు. ఎదుటివాడు ఏం చేస్తాడో ముందే ఊహించినవాడే గెలుస్తాడు.

చిక్కు ఏమిటంటే, వెయ్యికి పైగా ఉన్న ఈ జీవులన్నీ సమానం కావు. అన్నిటినీ ఒకే బరిలోకి వదిలితే అందరూ ఆ నాలుగైదు బలమైనవాటినే వాడతారు. అందుకే 2004లో మొదలైన స్మోగాన్ అనే ఆటగాళ్ల సంఘం వాటిని తరగతులుగా విభజించింది. ఎక్కువమంది వాడే జీవుల తరగతి పేరు ఓ.యూ., అంటే ఓవర్‌యూజ్డ్. (మనకు ఓ.యూ. అంటే ఉస్మానియానే గుర్తొస్తుంది, అది వేరే సంగతి!) మరీ బలమైనవాటిని పంపే పై తరగతి పేరు ఉబర్స్. ఈ సంఘం ఆటను తయారుచేసిన కంపెనీది కాదు. కంపెనీ నడిపే అధికారిక పోటీల నిబంధనలు వేరు.

గార్చాంప్ మీద అభియోగం

2006లో డైమండ్, పెర్ల్ ఆటలతో గార్చాంప్ అనే జీవి వచ్చింది. అది డ్రాగన్, నేల రకాలు కలిసినది. దాని దాడి 130, ప్రాణశక్తి 108, వేగం 102. ఆ 102 దగ్గరే కిటుకు ఉంది. సాలమెన్స్, జాప్డోస్, జిరాచి లాంటి పేరున్న జీవుల వేగం సరిగ్గా 100. రెండంటే రెండు అంకెల తేడాతో గార్చాంప్ వాటన్నిటికంటే ముందు కొడుతుంది. పరీక్షలో రెండు మార్కుల తేడాతో ర్యాంకు ఎంత మారుతుందో మనకు తెలియనిది కాదు.

స్వోర్డ్స్ డాన్స్ అనే ఎత్తు ఒక్కసారి వేస్తే దాని దాడి రెట్టింపవుతుంది. మంచు దాడి తగిలితే నాలుగింతల దెబ్బ, అదే దాని బలహీనత. కానీ యాచే అనే పండు దగ్గర పెట్టుకుంటే ఆ దెబ్బ ఒకసారికి సగమవుతుంది. అన్నిటికీ మించి శాండ్ వెయిల్ అనే గుణం ఉంది. ఇసుక తుఫాను వీస్తున్నప్పుడు, తప్పకుండా తగలవలసిన దాడి కూడా నూటికి 80 సార్లే తగులుతుంది. ఆ తుఫానును తెచ్చే టైరానిటార్ జట్టులో ఉంటే, అప్పటి నియమాల ప్రకారం తుఫాను తనంతట తాను ఆగేది కాదు.

ఇరుపక్షాల వాదనలు

నిషేధించాలన్నవారు ఇలా వాదించారు. ప్రతి జట్టూ దీనిని ఆపడానికే ఒకటి రెండు స్థానాలు కేటాయించవలసి వస్తోంది. సరైన ఎత్తు వేసినా అదృష్టం లేక ఓడిపోతే ఇక తెలివికి విలువేముంది? తప్పించుకునే శక్తిని పెంచే డబుల్ టీమ్ లాంటి ఎత్తులను ముందే నిషేధించారు కదా, దీనికెందుకు మినహాయింపు?

వద్దన్నవారి వాదన కూడా తీసిపారేయదగినది కాదు. స్కార్మరీ, బ్రాంజాంగ్ లాంటివి దాని నేల దాడికి చలించవు, డ్రాగన్ దాడిని తట్టుకుంటాయి. మంచు దాడికి అది ఎలాగూ లొంగుతుంది. బలంగా ఉండటమే నేరమా? ఈరోజు దీన్ని తీసేస్తే రేపు దాని తర్వాతి బలవంతుడి మీద పడరా?

చివరికి గార్చాంప్‌ను ఉబర్స్‌కు పంపేశారు. 2010లో బ్లాక్, వైట్ ఆటలు వచ్చాక ఓ.యూ.లోకి తిరిగి వచ్చినా మళ్లీ వేటు పడింది. అయితే 2012లో రెండో విడత బ్లాక్, వైట్ ఆటలు వచ్చిన తర్వాత కథ మారింది. గార్చాంప్‌కు రఫ్ స్కిన్ అనే ఇంకో గుణం అందుబాటులోకి వచ్చింది. అప్పుడు ఆటగాళ్లు తప్పు జీవిదా, దాని గుణానిదా అని ఆలోచించారు. శాండ్ వెయిల్ గుణాన్ని నిషేధించి గార్చాంప్‌ను ఆటలోకి రానిచ్చారు. 2013లో వచ్చిన ఎక్స్, వై ఆటల్లోనైతే అలాంటి తుఫానుకు ఐదు వంతుల గడువు పెట్టారు. నేరం మొత్తం ఒక్కడి మీద మోపిన చోట, అసలు కారణం వేరే ఉందని తేలడానికి ఏళ్లు పట్టింది.

తీర్పు ఎవరిది?

ఇప్పుడు ఒక జీవి మీద అనుమానం వస్తే కొన్ని వారాలు పరీక్షకు పెడతారు. ఆ గడువులో ఆడి, నిర్ణయించిన స్థాయిని అందుకున్నవారికే ఓటు. ఊరికే వినికిడి మీద చేయి ఎత్తడానికి వీలులేదు. సగం కంటే ఒక ఓటు ఎక్కువ వస్తే చాలదు, నూటికి 60 ఓట్లు పడితేనే నిషేధం. అంటే తప్పని నిరూపించే బాధ్యత తీసేయమన్నవారిదే. కారణాలు రాతపూర్వకంగా అందరి ముందూ ఉంటాయి. తర్వాత పరిస్థితి మారితే మళ్లీ విచారిస్తారు.

మేము చేసిన తప్పు

ఇది చదువుతున్నప్పుడు మాకు మన హాస్టల్ ఆవరణే గుర్తుకొచ్చింది. మేము తొమ్మిదో తరగతిలో ఉండగా ఏడో తరగతి తమ్ముడొకడు బ్యాటు పట్టాడంటే బంతి ప్రహరీ అవతల పడేది. బంతి పోతే చందాలు వేసుకుని కొనాలి. ఒక సాయంత్రం పెద్దవాళ్లమంతా కలిసి "నువ్వు రేపట్నుంచి ఆడొద్దురా" అనేశాము. వాడిని ఒక్క మాట అడగలేదు. వాడు ఏమీ అనలేదు. ఆ తర్వాత సాయంత్రాలు నీళ్ల ట్యాంకు దగ్గర కూర్చుని మా ఆట చూసేవాడు.

రెండు నెలలకు ఎవరో చెబితే "గోడ దాటితే ఔట్" అని నియమం పెట్టుకున్నాము. బంతులు పోవడం ఆగిపోయింది. వాడిని తీసేయవలసిన పనే లేదని అప్పుడు తెలిసింది. పిలిచాము. వాడు రాలేదు.

మనలో చాలామంది అమ్మానాన్నలు, తమను అడగకుండానే తమ గురించి ఎవరో తీర్పు చెప్పడం చూస్తూ పెరిగినవాళ్లే. పక్కన కూర్చోబెట్టడం అంటే ఏమిటో మనకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. అలాంటి మేమే ఆ పని చేశాము. బొమ్మ జీవికి కూడా విచారణ, ఓటు, మళ్లీ వచ్చే దారి ఉన్నాయి. మా తమ్ముడికి మేము అవేవీ ఇవ్వలేదు.

నియమాలు వద్దని మేము అనడం లేదు. నియమం లేకపోతే బలవంతుడిదే ఆట. కానీ ఎవరినైనా జట్టులోంచో, గదిలోంచో, స్నేహంలోంచో తీసేయాలనిపించినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. తప్పు మనిషిదా, నియమం లేకపోవడానిదా? చేయి ఎత్తేవాళ్లకు సంగతి నిజంగా తెలుసా? రేపు పొరపాటని తేలితే అతను తిరిగి రావడానికి దారి ఉంచామా?

ఈ సాయంత్రం ఆటకు దిగేటప్పుడు ఒకసారి ట్యాంకు వైపు చూడండి. అక్కడ ఎవరైనా కూర్చుని ఉంటే పిలవండి. మాలాగా రెండు నెలలు ఆగకండి.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ హాస్టల్ పూర్వ విద్యార్థులం