సూరత్ నుంచి పెంపుడు కుక్కతో విదేశాలకు వెళ్లాలా? టికెట్ కంటే ముందు చూసుకోవాల్సింది టీకా తేదీ

సూరత్ విమానాశ్రయానికి కేంద్ర కేబినెట్ 2023 డిసెంబరులో అంతర్జాతీయ హోదా ఇచ్చింది. అదే నెల 17న ప్రధాని మోదీ కొత్త టెర్మినల్‌ను ప్రారంభించారు. దుబాయ్, షార్జా వెళ్లే ప్రయాణికులకు ముంబయి దాకా పోయే పని తప్పింది. కానీ పెంపుడు కుక్కను వెంట తీసుకెళ్లాలనుకునేవారికి మాత్రం ఆ పని ఇంకా తప్పలేదు.

కారణం, జంతువుల ఆరోగ్యాన్ని పరీక్షించి ఎగుమతి ధ్రువపత్రం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ క్వారంటైన్ విభాగం ఏక్యూసీఎస్ సూరత్‌లో లేదు. దిల్లీ, ముంబయి, చెన్నై, కోల్‌కతా, బెంగళూరు, హైదరాబాద్, కొచ్చి లాంటి నగరాల్లో ఈ కేంద్రాలున్నాయి.

ముంబయా, హైదరాబాదా?

సూరత్‌కు దగ్గరిది ముంబయి. రోడ్డు మార్గంలో సుమారు 280 కిలోమీటర్లు. రైల్లో అయితే ఫస్ట్ ఏసీ కూపే మొత్తం బుక్ చేసుకుంటే కుక్కను వెంట ఉంచుకోవచ్చు. లేదంటే గార్డు బోగీలోని డాగ్ బాక్స్‌లో పంపాలి.

తెలంగాణ నుంచి వలస వచ్చి సూరత్ మరమగ్గాలు, జౌళి పరిశ్రమలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ప్రయాణానికి ముందు ఎలాగూ సొంతూరు వెళ్లేవారికి హైదరాబాద్ కేంద్రం కూడా అనుకూలమే.

ముందు చిప్, తర్వాతే టీకా

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. కుక్క చర్మం కింద 15 అంకెల మైక్రోచిప్ వేయించాక ఇచ్చిన రేబిస్ టీకానే అమెరికా, యూరప్ దేశాలు లెక్కలోకి తీసుకుంటాయి. టీకా ముందు వేసి, చిప్ తర్వాత పెడితే ఆ టీకా చెల్లదు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే.

ఏ దేశానికి ఎంత సమయం?

యూరోపియన్ యూనియన్: టీకా వేసిన 30 రోజుల తర్వాత రక్త నమూనా తీయాలి. ఈయూ గుర్తించిన ల్యాబ్‌లో రేబిస్ యాంటీబాడీలు మిల్లీలీటరుకు కనీసం 0.5 ఐయూ ఉన్నట్లు తేలాలి. నమూనా తీసిన రోజు నుంచి 3 నెలలు ఆగాలి. అంటే కొత్తగా టీకా వేయించేవారికి కనీసం 4 నెలలు. ఆరోగ్య ధ్రువపత్రం మాత్రం చేరడానికి 10 రోజుల్లోపు జారీ చేసినదై ఉండాలి.

అమెరికా: 2024 ఆగస్టు 1 నుంచి నిబంధనలు మారాయి. కుక్క వయసు కనీసం 6 నెలలుండాలి. రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో భారత్ ఉంది కాబట్టి, ఇక్కడ టీకా వేయించిన కుక్క సీడీసీ వద్ద నమోదైన సంరక్షణ కేంద్రం ఉన్న విమానాశ్రయంలోనే దిగాలి. నిబంధన వచ్చినప్పుడు అలాంటివి ఆరే: న్యూయార్క్ జేఎఫ్‌కే, వాషింగ్టన్ డల్లెస్, ఫిలడెల్ఫియా, అట్లాంటా, మయామీ, లాస్ ఏంజెలెస్. తెలుగువారు ఎక్కువగా ఉండే డాలస్ అందులో లేదు. రక్త పరీక్ష ఫలితం లేకపోతే 28 రోజుల క్వారంటైన్. ఆ ఖర్చు యజమానిదే.

ఆస్ట్రేలియా: భారత్ నుంచి నేరుగా తీసుకెళ్లడం కుదరదు. ఆ దేశం ఆమోదించిన మరో దేశం మీదుగానే వెళ్లాలి.

ఎందుకింత కఠినం?

ప్రపంచంలో రేబిస్ మరణాల్లో 36 శాతం భారత్‌లోనే సంభవిస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. లక్షణాలు బయటపడ్డాక ఈ జబ్బుకు దాదాపు మందు లేనట్టే. టీకా పనిచేసిందో లేదో రక్త పరీక్ష చెబుతుంది. కానీ టీకాకు ముందే వైరస్ సోకి ఉంటే? లక్షణాలు కనిపించడానికి వారాలు, నెలలు పట్టొచ్చు. ఆ అనుమానం తీరడానికే ఈ నిరీక్షణ.

క్యాబిన్‌లోనా, కార్గోలోనా?

ఇది విమాన సంస్థను బట్టి, చేరే దేశాన్ని బట్టి ఉంటుంది. బ్రిటన్‌కు విమానంలో వెళ్లే పెంపుడు కుక్కలు సాధారణంగా కార్గోగానే చేరాలి. క్యాబిన్‌లో అనుమతించే సంస్థలు పెట్టే బరువు పరిమితిలో సంచి బరువు కూడా కలిసే ఉంటుంది. కార్గోలో పంపితే, కుక్క నిలబడి, తిరిగి, పడుకోగలిగేంత పెట్టె కావాలి. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఊపిరి ఇబ్బంది ఎక్కువ కాబట్టి చాలా సంస్థలు ఒప్పుకోవు. మత్తుమందు ఇచ్చి పంపడం కూడా ప్రమాదమే.

తిరిగి తేవాలంటే?

భారత్‌లోకి కూడా ఆ కేంద్రాలున్న నగరాల మీదుగానే రావాలి. ముందుగా ఏక్యూసీఎస్ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. 2022లో యుద్ధం మొదలైనప్పుడు ఉక్రెయిన్‌లోని కొందరు భారతీయ విద్యార్థులు తమ కుక్కలను వదిలి రాలేమని పట్టుబట్టారు. అప్పుడు కేంద్రం నిబంధనలను ప్రత్యేకంగా సడలించాల్సి వచ్చింది. మామూలు రోజుల్లో అలాంటి వెసులుబాటు ఉండదు.

వీసా కొన్ని వారాల్లో రావొచ్చు, ఉద్యోగంలో చేరే తేదీ నెలలోనే ఉండొచ్చు. కుక్క కాగితాలకు మాత్రం నాలుగు నెలలు. ఈ తేడా తెలియకే చివరి వారంలో కుక్కను ఎవరికో ఒకరికి అప్పగించేయాల్సిన పరిస్థితి వస్తుంది. విదేశీ ప్రయాణం ఆలోచనలో ఉన్నప్పుడే చిప్, టీకా, రక్త పరీక్ష పూర్తి చేసి, టీకా గడువు దాటకుండా చూసుకుంటే ఆ ఫలితం తర్వాత కూడా పనికొస్తుంది. ప్రయాణం రద్దయినా నష్టమేమీ లేదు. టీకా ఎలాగూ వేయించాల్సిందే కదా.