మొదటి బ్యాడ్జ్ దాకా: పోకెమాన్‌లో లెవెల్ పెంచుకోవడం ఎలా?



మా తరగతిలో తెలుగు మాట్లాడేవాళ్లం నలుగురం. నలుగురికీ కలిపి రెండు గేమ్ బాయ్ అడ్వాన్స్‌లు ఉన్నాయి. రెండూ పాతవే. అన్నయ్యలు ఆడి ఆడి వదిలేశాక మా చేతికి వచ్చాయి. వాటిలో మేము ఆడే ఆట పోకెమాన్. ఇంట్లో ఆదివారం ఒక గంట మాత్రమే ఆడుకోనిస్తారు. ఆ గంట గడిచాక కూడా మన పోకెమాన్ ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అన్నట్టు ఉంటే ఎంత ఉసూరుమనిపిస్తుందో ఆడినవాళ్లకు తెలుసు. మొదట్లో మేము అలాంటి ఆదివారాలు చాలా పోగొట్టుకున్నాం. తర్వాత నలుగురం కూర్చుని లెక్కలు వేసుకున్నాం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు పనికొస్తాయని వాటిని ఇక్కడ రాస్తున్నాం.

ఆట గురించి రెండు మాటలు

పోకెమాన్ మొదటి ఆటలు 1996లో జపాన్‌లో విడుదలయ్యాయి. వాటిని రూపొందించిన సతోషి తజిరికి చిన్నప్పుడు పురుగులు పట్టుకోవడం సరదా. ఆ సరదాలోంచే ఈ ఆట ఆలోచన పుట్టింది. 2004లో అదే కథను రంగులతో, కొత్త హంగులతో గేమ్ బాయ్ అడ్వాన్స్ కోసం ఫైర్‌రెడ్, లీఫ్‌గ్రీన్ అనే పేర్లతో మళ్లీ తెచ్చారు. మేము చెప్పేదంతా ఈ రెండింటి గురించే. వేరే పోకెమాన్ ఆటల్లో కొన్ని అంకెలు మారతాయి.

ఇలాంటి వాటిని రోల్ ప్లేయింగ్ గేమ్స్ అంటారు. వేళ్ల వేగం కన్నా ఆలోచనకు ఇక్కడ పని ఎక్కువ. ప్యాలెట్ టౌన్ అనే చిన్న ఊళ్లో ప్రొఫెసర్ ఓక్ మన ముందు మూడు పోకెమాన్‌లు పెడతారు. బల్బసార్‌ది గడ్డి రకం, చార్మాండర్‌ది నిప్పు రకం, స్క్విర్టిల్‌ది నీటి రకం. ఒకదాన్ని ఎంచుకోవాలి. ఏది తీసుకున్నా దాని లెవెల్ 5. అక్కడి నుంచి విరిడియన్ సిటీ, ఆ తర్వాత విరిడియన్ అడవి దాటి ప్యూటర్ సిటీ చేరితే బ్రాక్ అనే జిమ్ లీడర్ ఎదురవుతాడు. అతని దగ్గర లెవెల్ 12 జియోడ్యూడ్, లెవెల్ 14 ఓనిక్స్ ఉంటాయి. రెండింటినీ ఓడిస్తే మొదటి బ్యాడ్జ్ మనది. మావాడొకడి బండి ఆగిపోయింది సరిగ్గా ఇక్కడే.

లెవెల్ వెనక ఉన్న ఘనాలు

ఎదుటి పోకెమాన్‌ను ఓడిస్తే మన పోకెమాన్‌కు అనుభవ పాయింట్లు వస్తాయి. అవి తగినన్ని చేరితే లెవెల్ పెరుగుతుంది. ఎన్ని చేరాలి? చాలా పోకెమాన్‌లకు ఆ లెక్క తేలిక. లెవెల్ సంఖ్యను ఘనం చేస్తే చాలు. లెవెల్ 5కు 5 × 5 × 5 = 125. లెవెల్ 10కి 1,000. లెవెల్ 20కి 8,000. లెవెల్ 100కు 10 లక్షలు! ఘనాలు, ఘనమూలాల పాఠం మాకు బాగా గుర్తుండిపోవడానికి ఇదే కారణం. ఓక్ ఇచ్చే మూడింటికీ సూత్రం కొంచెం వేరు. కాని చాలా పోకెమాన్‌లకు పైకి వెళ్లేకొద్దీ ఒక్కో మెట్టు ఎత్తు పెరుగుతూ పోతుంది.

ఇక ఒకసారి గెలిస్తే ఎన్ని వస్తాయి? ప్రతి జాతికీ ఒక మూలసంఖ్య ఉంటుంది. పిడ్జీ అనే పిట్టకు అది 55. ఆ సంఖ్యను ఓడిపోయిన పోకెమాన్ లెవెల్‌తో గుణించి 7తో భాగించాలి. లెవెల్ 3 పిడ్జీని ఓడిస్తే 55 × 3 ÷ 7, అంటే 23 పాయింట్లు. శేషం వదిలేస్తారు. మన పోకెమాన్ లెవెల్ 5లో ఉన్నా, 15లో ఉన్నా వచ్చేది ఆ 23 పాయింట్లే. మనకు కావలసినవి మాత్రం పెరిగిపోతూ ఉంటాయి. అందుకే ఒకే గడ్డిలో తిరుగుతూ ఉంటే కాసేపటికి కాలం గడుస్తుంది గాని లెవెల్ కదలదు.

23 పిడ్జీల ఆదివారం

మాలో ఒకడు చూడ్డానికి బాగుందని చార్మాండర్‌ను తీసుకున్నాడు. విరిడియన్ అడవిలో పురుగులు పట్టే కుర్రాళ్లు అక్కడక్కడా నిలబడి ఉంటారు. వాళ్ల కంటపడితే పోటీకి పిలుస్తారు. ఓడిపోతానేమోనన్న భయంతో మావాడు వీలైనంతమందిని తప్పించుకుని చెట్ల పక్క నుంచి జారుకున్నాడు. లెవెల్ 11 చార్మాండర్ ఒక్కదాన్నే వెంటపెట్టుకుని బ్రాక్ దగ్గరకు వెళ్లాడు. మూడుసార్లు ఓడిపోయాడు.

‘లెవెల్ చాలలేదు’ అనుకుని తర్వాతి ఆదివారం వెనక్కి వచ్చి పిడ్జీల మీద పడ్డాడు. చార్మాండర్ లెవెల్ 11 నుంచి 13కు చేరాలంటే 519 పాయింట్లు కావాలి. ఒక్కో పిడ్జీకి 23 చొప్పున మొత్తం 23 పిడ్జీలు! ప్రతిదాని కోసం గడ్డిలో తిరగాలి, అది ఎదురుపడాలి, దాన్ని ఓడించాలి. మధ్యమధ్యలో వైద్యం కోసం పోకెమాన్ సెంటర్‌కు వెళ్లి రావాలి. సగం కూడా కాకముందే గంట అయిపోయింది. వాళ్లమ్మ వచ్చి గేమ్ తీసేసుకుంది. సోమవారం బస్సులో మావాడు “ఇక నేను ఆడనురా, ఇది నా వల్ల కాదు” అన్నాడు.

అప్పుడు మాలో లెక్కల్లో ముందుండే అమ్మాయి రఫ్ నోటుబుక్కు తీసింది. పైన రాసిన అంకెలన్నీ ఆ బస్సులో వేసినవే. స్కూలు వచ్చేసరికి మాకు ఒక సంగతి అర్థమైంది. మావాడు కష్టపడటంలో లోపం లేదు. పోటీలను ఎంచుకోవడంలోనే ఉంది.

ట్రైనర్లను తప్పించుకోవద్దు

అడవిలో తిరిగే పోకెమాన్ కన్నా, ట్రైనర్ దగ్గర ఉన్న పోకెమాన్‌ను ఓడిస్తే ఒకటిన్నర రెట్లు పాయింట్లు వస్తాయి. అడవిలోని ఒక కుర్రాడి దగ్గర లెవెల్ 9 వీడిల్ ఉంటుంది. వీడిల్ మూలసంఖ్య 52. లెక్క వేస్తే 66, దానికి ఒకటిన్నర రెట్లు 99. అంటే ఆ ఒక్క పోటీ నాలుగు పిడ్జీల పెట్టు. పైగా ట్రైనర్‌ను గెలిస్తే డబ్బు కూడా వస్తుంది. పిడ్జీలు డబ్బులివ్వవు కదా!

ఆట మొదట్లో ఒక్కో ట్రైనర్‌తో ఒక్కసారే పోటీ పడగలం. అందుకే వాళ్లను వదులుకోకూడదు. ఓడిపోతే ఏమవుతుందని మీరు అడగవచ్చు. కొంత డబ్బు పోతుంది, ఆఖరున వైద్యం చేయించుకున్న చోటుకు తిరిగి వస్తాం. అంతే. అప్పటిదాకా సంపాదించిన అనుభవంలో ఒక్క పాయింటు కూడా తగ్గదు. ఈ సంగతి తెలిసి ఉంటే మావాడు చెట్ల చాటున దాక్కునేవాడు కాదు.

బరువంతా ఒక్కదాని మీద వేయవద్దు

విరిడియన్ అడవిలో కేటర్‌పీ అనే గొంగళిపురుగు దొరుకుతుంది. చూస్తే నవ్వొస్తుంది, అంత బలహీనం. కాని అది లెవెల్ 7లో మెటాపాడ్ అనే గూడుపురుగుగా, లెవెల్ 10లో బటర్‌ఫ్రీ అనే సీతాకోకచిలుకగా మారుతుంది. ఇంత తొందరగా రెండుసార్లు మారే పోకెమాన్‌లు తక్కువ. లెవెల్ 10 బటర్‌ఫ్రీకి ‘కన్‌ఫ్యూజన్’ అనే దెబ్బ వస్తుంది. అది చేతులతో కొట్టేది కాదు, మనసుతో కొట్టేది. రాతి ఒళ్లు గట్టిగా ఉన్న జియోడ్యూడ్ కూడా అలాంటి దెబ్బకు తట్టుకోలేదు.

ఒక జాగ్రత్త. అడవిలో మెటాపాడ్ కూడా కనిపిస్తుంది. ‘సగం పని అయిపోయినట్టే’ అని దాన్ని పట్టుకోకండి. అలా దొరికిన మెటాపాడ్‌కు ఒళ్లు గట్టిపరచుకోవడం తప్ప ఏమీ రాదు. కేటర్‌పీని పట్టుకుని పెంచితే, మారిన తర్వాత కూడా ఢీకొట్టడం దానికి గుర్తుంటుంది.

మరి అంత బలహీనమైనదాన్ని పెంచేదెలా? జట్టులో దాన్ని మొదటి స్థానంలో పెట్టండి. పోటీ మొదలవగానే వెనక్కి పిలిచి చార్మాండర్‌ను పంపండి. గెలిచాక పాయింట్లు ఇద్దరికీ సమానంగా పంచుతారు. ఇందాకటి లెవెల్ 9 వీడిల్ విషయంలో చెరో 49 వస్తాయి. చార్మాండర్‌కు సగమే వచ్చినా, చిన్న లెవెల్‌లో ఉన్న కేటర్‌పీకి ఆ 49 చాలా ఎక్కువ. లెవెల్ 4 నుంచి 5కు దానికి కావలసింది 61 పాయింట్లే. పెద్దవాళ్ల వెంట ఉండి పని నేర్చుకున్నట్టే ఇదీను.

అలాగని ఆరింటిని ఒకేసారి పెంచాలనుకోవద్దు. పంచుకునేవాళ్లు ఎక్కువైతే ఎవరికీ కడుపు నిండదు. మొదటి బ్యాడ్జ్ దాకా రెండు లేదా మూడు చాలు.

లెవెల్ కన్నా ముందు రకం చూడండి

బ్రాక్ పోకెమాన్‌లు రెండూ రాయి, నేల కలిసిన రకం. నీటి దెబ్బ గాని, గడ్డి దెబ్బ గాని వాటికి నాలుగు రెట్లు తగులుతుంది. నిప్పు దెబ్బ సగమే తగులుతుంది. గోళ్లతో గీరడం లాంటి మామూలు దెబ్బలు, పిడ్జీ రెక్కల గాలి కూడా సగమే. పికాచూ కరెంటు అయితే అసలు పనిచేయదు. నేల రకానికి కరెంటు తగలదు. పిడ్జీలను కొట్టి మావాడు ఇంకో రెండు లెవెళ్లు సంపాదించి ఉన్నా, నిప్పునే నమ్ముకుంటే గెలుపు కష్టమే.

అందుకే లెవెల్ పెంచేటప్పుడు ‘ఎంత పెంచాలి?’ అని కాక ‘దేనికోసం పెంచాలి?’ అని అడగాలి. మేము తయారుచేసుకున్న చిన్న పట్టిక ఇది.

స్క్విర్టిల్: లెవెల్ 7లో నీటిబుడగల దెబ్బ వస్తుంది. బ్రాక్‌కు అది చాలు.
బల్బసార్: లెవెల్ 10లో తీగతో కొట్టే దెబ్బ వస్తుంది. అదీ చాలు.
చార్మాండర్: లెవెల్ 13లో ‘మెటల్ క్లా’ అనే ఇనుప గోళ్ల దెబ్బ వస్తుంది. రాతి మీద అది రెండు రెట్లు తగులుతుంది.
కేటర్‌పీ: లెవెల్ 10 చేరగానే సీతాకోకచిలుక.

మీ పోకెమాన్ ఏదైతే దాని ఎదుట ఉన్న సంఖ్యే మీ గురి. అది దాటాక అదే చోట ఇంకా తిరగడం దండగ. ముందు ఊళ్లలో పెద్ద లెవెల్ పోకెమాన్‌లు ఉంటాయి, వాటిని ఓడిస్తే ఎక్కువ పాయింట్లు వస్తాయి. బ్రాక్ ఓనిక్స్‌నే చూడండి, ఒక్కదానికే 324 పాయింట్లు!

చిన్న చిన్న జాగ్రత్తలు

పోకెమాన్ సెంటర్‌లో వైద్యం ఉచితం. కాబట్టి దానికి దగ్గర్లోనే సాధన చేయండి. 300 పెట్టి కొనే పోషన్ 20 ప్రాణపాయింట్లే ఇస్తుంది. దాన్ని జిమ్ కోసం దాచుకోండి. జిమ్‌లోకి వెళ్లే ముందు గేమ్ సేవ్ చేయడం మరవద్దు.

మౌంట్ మూన్ గుహలో ‘రేర్ క్యాండీ’ అనే మిఠాయి దొరుకుతుంది. తినిపిస్తే వెంటనే ఒక లెవెల్ పెరుగుతుంది. దాన్ని అప్పుడే వాడేయకండి. ఘనాల లెక్కలో లెవెల్ 5 నుంచి 6కు 91 పాయింట్లు చాలు. 20 నుంచి 21కి 1,261 కావాలి. మిఠాయి ఒకటే, ఎప్పుడు తినిపించామన్నదాన్ని బట్టి దాని విలువ మారుతుంది.

ఆ తర్వాత

మావాడు మళ్లీ ఆట పట్టాడు. వెనక్కి వెళ్లి, తాను తప్పించుకున్న కుర్రాళ్లందరికీ ఎదురుపడ్డాడు. ఒక కేటర్‌పీని పట్టాడు. మూడో ఆదివారానికి అతని దగ్గర బటర్‌ఫ్రీ, లెవెల్ 13 చార్మాండర్ ఉన్నాయి. జియోడ్యూడ్‌ను బటర్‌ఫ్రీ పడగొట్టింది. ఓనిక్స్ విసిరిన రాళ్లకు అది పడిపోయింది. మిగిలిన పని చార్మాండర్ ఇనుప గోళ్లతో ముగించింది.

మార్చిలో పరీక్షలయ్యాక మా లెక్కల అమ్మాయి వాళ్ల నాన్నగారికి బదిలీ అయింది. వెళ్లే ముందు రోజు రెండు గేమ్ బాయ్‌లనూ కేబుల్‌తో కలిపాం. ఆమె ఒక పికాచూ ఇచ్చింది. మావాడు తన బటర్‌ఫ్రీనే ఇచ్చేశాడు. ఆటలో ఇలా చేతులు మారి వచ్చిన పోకెమాన్‌కు ఒక నియమం ఉంది. దానికి ప్రతి పోటీలోనూ ఒకటిన్నర రెట్లు అనుభవం వస్తుంది. అయితే మన దగ్గర తగిన బ్యాడ్జ్‌లు లేకపోతే పెద్ద లెవెల్‌ది మాట వినదు. ఎవరి చేతికి వెళ్లినా మొదట పట్టుకున్న ట్రైనర్ పేరు మాత్రం దాని వివరాల్లో అలాగే ఉంటుంది.

మొన్న ఆమె ఫోన్ చేసింది. కొత్త స్కూల్లో ఇంకా ఎవరూ పెద్దగా పరిచయం కాలేదట. బటర్‌ఫ్రీ మాత్రం లెవెల్ 24 దాటిందట. అక్కడ పక్క బెంచీ అమ్మాయి ఆ వివరాలు చూసి “ఈ పేరు ఎవరిది?” అని అడిగిందట. ఆ రోజు మధ్యాహ్నం వాళ్లిద్దరూ కలిసే భోంచేశారట.