మగచేప నెత్తుట్లో పచ్చసొన సరుకు

ఫ్యాక్టరీలు బయటికి వదిలే నీళ్లకు మన దేశంలో ఉన్న నిబంధనల్లో చేపల పరీక్ష కూడా ఒకటి. మంచినీళ్లేమీ కలపకుండా ఆ వ్యర్థజలంలోనే చేపల్ని వదులుతారు. 96 గంటల తర్వాత నూటికి 90 బతికి ఉంటే ఆ నీళ్లు పాసైనట్టే. బతికిన ఆ తొంభై ఏ స్థితిలో ఉన్నాయో, రేపు గుడ్లు పెడతాయో లేదో ఆ పరీక్షకు పట్టదు. చచ్చిందా, బతికిందా, అంతే.

మిగతా పరీక్షలు నీటిని సీసాలో పట్టి చేసేవి. వాటి విలువ తక్కువేమీ కాదు. కానీ సీసాలో ఉండేది ఆ క్షణాన పారుతున్న నీళ్లు మాత్రమే. అర్ధరాత్రి వదిలిన రసాయనం తెల్లారేసరికి ఎంతో దూరం పోతుంది. పైగా ఏ పదార్థం కోసం వెతుకుతామో అదే దొరుకుతుంది. చేప అయితే రాత్రింబవళ్లు ఆ నీళ్లలోనే ఉండి, వాటినే మొప్పల గుండా పోనిస్తుంది. అందుకే శాస్త్రవేత్తలు చేప ఒంట్లో కనబడే మార్పుల్నే కాలుష్యానికి గుర్తులుగా చదవడం మొదలుపెట్టారు. వీటినే బయోమార్కర్లు అంటారు.

వీటిలో బాగా పేరుపడ్డది ఇంగ్లండులో బయటపడింది. లండన్ దగ్గరి లీ నదీ ప్రాంతంలో గాలాలు వేసేవాళ్లకు రోచ్ అనే చేపల్లో కొన్ని ఆడో మగో తేలనివి దొరికాయి. ఎందుకిలా అని 1980లలో మురుగునీటి శుద్ధి కేంద్రాల నీళ్లలో పంజరాలు దించి, వాటిలో ట్రౌట్ చేపల్ని ఉంచారు. తర్వాత వాటి రక్తంలో విటెల్లోజెనిన్ ఎంతుందో కొలిచారు. ఇది గుడ్డులో పచ్చసొనకు ముడిసరుకైన ప్రొటీను. ఈస్ట్రోజెన్ హార్మోను ఆజ్ఞ అందితే కాలేయం దీన్ని తయారు చేస్తుంది, రక్తం అండాశయానికి చేరవేస్తుంది. మగచేప కాలేయంలోనూ ఆ జన్యువు ఉంటుంది గానీ, ఆజ్ఞ ఇచ్చేవారు లేక ఊరికే పడి ఉంటుంది. పంజరాల్లోని చేపల్లో ఈ ప్రొటీను చోటును బట్టి 500 రెట్ల నుంచి 1,00,000 రెట్ల దాకా పెరిగింది!

ఆ ఆజ్ఞ వచ్చింది మనుషుల నుంచే. స్త్రీల మూత్రంలో సహజంగా పోయే హార్మోన్లు, గర్భనిరోధక మాత్రల్లోని ఇథినైల్ ఈస్ట్రడయాల్ శుద్ధి కేంద్రాన్ని దాటుకుని నదిలో కలుస్తున్నాయి. ఇంగ్లండులోనే ఎయిర్ నదిలో మాత్రం దోషి వేరు: ఉన్ని కడిగే మిల్లులు వాడిన డిటర్జెంట్ల నుంచి పుట్టిన నోనైల్‌ఫినాల్.

మగచేపలో పచ్చసొన సరుకు ఉంటే మునిగేదేముంది అని అడగొచ్చు. కెనడాలో కేరెన్ కిడ్ బృందం ఆ సంగతే తేల్చింది. ప్రయోగాలకే కేటాయించిన ఒక సరస్సులో 2001 నుంచి 2003 దాకా ఇథినైల్ ఈస్ట్రడయాల్ కలిపారు. లీటరుకు 5, 6 నానోగ్రాములు, అంటే గ్రాములో వంద కోట్లవ వంతులు ఐదారు మాత్రమే. ముందు మగచేపల్లో విటెల్లోజెనిన్ పెరిగింది. ఆ తర్వాత ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చిన్నచేప ఆ సరస్సులో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. చచ్చి తేలినవి కావు, పిల్లలు పుట్టక తరిగిపోయినవి.

మన పటాన్‌చెరు కథా ఉంది. మందుల ఫ్యాక్టరీల వ్యర్థాల్ని శుద్ధి చేసి వదిలిన నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉందని స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రకటించింది. ఆ వార్త చాలామందికి గుర్తే. దాని తరువాయి గురించి మాత్రం పెద్దగా మాట్లాడుకోలేదు. అవే నీళ్లను 500 రెట్లు పలచన చేసి ట్రౌట్ చేపల్ని ఉంచితే, కాలేయంలో విషాల్ని విరగ్గొట్టే సీవైపీ1ఏ అనే ఎంజైము పని మారింది, రక్తంలో ఫాస్ఫేటు మోతాదూ మారింది. బతికుందా లేదా అని మాత్రమే చూసే పరీక్షకు ఇవేవీ కనబడవు.

ఇలాంటి గుర్తులు మరికొన్ని ఉన్నాయి. మలాథియాన్ లాంటి పురుగుమందులు మెదడులోని ఎసిటైల్‌కోలినెస్టరేజ్ ఎంజైమును అణచివేస్తాయి. మందు నీళ్లలోంచి పోయాక కూడా ఆ ఎంజైము కోలుకోవడానికి వారాలు పడుతుంది. నాకు నచ్చింది మాత్రం ఖరీదైన పరికరాలు అక్కర్లేని రక్తపు పరీక్ష. చేపకు మత్తిచ్చి, తోక దగ్గర వెన్నెముక కిందికి సూది పోనిచ్చి రక్తం తీస్తారు. గాజుపలక మీద పలచగా పూసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడతారు. మన ఎర్రకణాల్లా కాక, చేప ఎర్రకణాలు కోలగా ఉండి, మధ్యలో కేంద్రకం కూడా ఉంటుంది. అక్కడక్కడ ఒక కణంలో పెద్ద కేంద్రకం పక్కన అదే రంగులో చిన్న చుక్క కనబడుతుంది. క్రోమోజోము ముక్క విరిగి విడిగా మిగిలిందన్నమాట. వేల కణాలు చూసి అలాంటివి ఎన్నో లెక్కపెట్టాలి. కళ్లు లాగే పని.

అయితే చేప సాక్ష్యాన్ని ఉన్నపళంగా నమ్మేయకూడదు. సీవైపీ1ఏ పెరిగిందంటే డయాక్సిన్లో, చమురు మసి తరహా పదార్థాలో కావచ్చు; ఏవో తేల్చడానికి మళ్లీ రసాయన పరీక్షే కావాలి. శీలావతి, బొచ్చె వానాకాలంలో గుడ్లు పెడతాయి కాబట్టి ఆడచేపలో అంతకుముందే విటెల్లోజెనిన్ పెరగడం మామూలే. అందుకే చూడాల్సింది మగవాటిని, ఈడుకు రాని పిల్లల్ని. నీటి వేడిని బట్టి ఎంజైముల పనీ మారుతుంది కనుక మే నెల లెక్కను జనవరి లెక్కతో పోలిస్తే అర్థం ఉండదు. ట్రౌట్ చేప అంకెల్ని తెచ్చి మన చేపలకు అతికించడం కూడా కుదరదు. పోలిక సరిగ్గా కుదరాలంటే, మురుగువాగు నదిలో కలిసే చోటుకు ఎగువన ఒక పంజరం, దిగువన ఒకటి దించాలి. రెండింట్లోనూ ఒకే హేచరీలో పుట్టిన, ఒకే ఈడు పిల్లలుండాలి. రక్తం తీయడమూ ఒకే రోజు జరగాలి.