మనోడే కదా అని...

సింగపూర్ అన్నారు, కంబోడియాలో దించారు. విదేశీ ఉద్యోగాల మోసం తెలిసిన ముఖంతోనే గడప తొక్కుతోంది.

సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం, ఖర్చు లక్షన్నర. విశాఖపట్నం కుర్రాళ్లకు ఏజెంట్లు చెప్పింది ఇదే. తీరా వాళ్లు చేరింది కంబోడియాకు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టారు. వాళ్లకు అప్పగించిన పని, మన దేశంలోని మనుషులకే వల వేసి డబ్బు గుంజడం. 2024 మే నెలలో విశాఖ పోలీసులు ఏజెంట్లను అరెస్టు చేశారు. ఆ రోజుల్లోనే కంబోడియాలోని సిహనౌక్‌విల్‌లో చిక్కుకున్న భారతీయులు వందల సంఖ్యలో తిరగబడ్డారు. వాళ్లలో కొందరు అదే నెలలో విశాఖ చేరుకున్నారు.

ఇలాంటి సైబర్ చెరల్లో మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో సుమారు లక్షమంది ఉండొచ్చని ఐక్యరాజ్య సమితి 2023లో లెక్కగట్టింది. 2025 మార్చిలో వాయుసేన విమానాలు రెండు రోజుల్లో ఈ చెరల నుంచి బయటపడిన 549 మంది భారతీయులను థాయ్‌లాండ్ సరిహద్దు పట్టణం మే సాట్ నుంచి తీసుకొచ్చాయి.

పాత దారి, కొత్త ఎర

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెలకు ఏజెంటు కొత్తవాడేం కాదు. గల్ఫ్‌కు పోవడమంటే మొదటినుంచీ ఎవరో ఒకరి మాట మీద పోవడమే. బామ్మర్ది స్నేహితుడో, పక్కూరి సబ్ ఏజెంటో ‘ఆజాద్ వీసా, ఎవరి దగ్గరైనా పని చేసుకోవచ్చు’ అంటాడు, ‘ముందు విజిట్ మీద పో, అక్కడ మార్పిస్తరు’ అంటాడు. మనోడే కదా అని మిత్తికి తెచ్చి చేతిలో పెడతారు. అలా వెళ్లి కాగితాల్లేక ‘ఖల్లివల్లి’గా దాక్కుని బతికినవాళ్లు ఎందరో.

ఇప్పుడు ఎర డిగ్రీ చదివినవాళ్లకు వేస్తున్నారు. థాయ్‌లాండ్‌లో ‘డిజిటల్ సేల్స్ అండ్ మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్’ పేరుతో జరుగుతున్న మోసం గురించి విదేశాంగ శాఖ 2022 సెప్టెంబరులోనే హెచ్చరించింది. బ్యాంకాక్‌లో దిగినవాళ్లను కార్లలో మే సాట్ తీసుకెళ్తారు. అక్కడ నది దాటిస్తే మయన్మార్‌లోని మ్యావడీ. టార్గెట్ తప్పితే దెబ్బలు. ఇంటికి పోతానంటే, నీ మీద పెట్టిన ఖర్చు డాలర్లలో కట్టి పొమ్మంటారు. ఊళ్లో అప్పు ఒకవైపు, అక్కడ ఈ అప్పు ఇంకోవైపు.

మనిషిని నమ్మినా, కాగితం చూడాలి

మనిషి మంచివాడా కాదా అన్నది తేల్చుకోవడం కష్టం. కాగితాన్ని తేల్చుకోవడం తేలిక. మొదటిది ఏజెంటు లైసెన్సు. 1983 నాటి వలస చట్టం ప్రకారం, విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ పేర్లన్నీ ‘ఈ-మైగ్రేట్’ పోర్టల్లో ఉంటాయి. సబ్ ఏజెంటుకు చట్టంలో చోటే లేదు. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగ్గ సేవా రుసుము గరిష్ఠంగా రూ.30,000, జీఎస్టీతో కలిపి రూ.35,400. దానికి రసీదు ఇవ్వాలి. విశాఖ కుర్రాళ్లను లక్షన్నర అడిగిన చోటే బండారం బయటపడాల్సింది.

రెండోది వీసా. పర్యాటక వీసా మీద ఉద్యోగం చేయడం కుదరదు. 2023 నవంబరులో థాయ్‌లాండ్ భారతీయులకు వీసా లేని ప్రవేశం కల్పించింది విహారానికే. ‘వీసా అక్కర్లేదు, టికెట్ పంపిస్తాం’ అన్నారంటే, పని పర్మిట్ లేదని వాళ్ల నోటితోనే చెప్పినట్టు. మూడోది కంపెనీ. పేరు, చిరునామా, ఒప్పందపత్రం పట్టుకుని ఆ దేశంలోని మన రాయబార కార్యాలయానికి రాసి వాకబు చేయొచ్చు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ అనే ప్రభుత్వ సంస్థలే విదేశీ ఉద్యోగాలకు పంపుతున్నాయి, అక్కడా అడగొచ్చు.

‘లైసెన్సు నంబరు ఎంత బావా?’ అని అడగడానికి మనవాళ్లకు మొహమాటం. ఈ వ్యాపారానికి పెట్టుబడి ఆ మొహమాటమే. నిజంగా మేలు కోరిన బావ అయితే తనూ కూర్చుని ఆ నంబరు వెతుకుతాడు.

ఇప్పటికే డబ్బు కట్టేస్తే...

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఎంత త్వరగా ఆపిస్తే అంత మంచిది. మెసేజీలు, చెల్లింపు వివరాలు చెరిపేయకండి. ప్రయాణం ఖాయమైతే పాస్‌పోర్టు, వీసా, టికెట్ నకళ్లు ఇంట్లో ఇచ్చి వెళ్లండి. వెళ్లినవాళ్ల ఫోన్ మూగబోతే, ఇంట్లోవాళ్లు పోలీసులకు, రాయబార కార్యాలయానికి చూపించాల్సింది అవే.