నీలి వజ్రానికి ఆ రంగు, ఆ ధర ఎక్కడివి?



2025లో క్రిస్టీస్ అనే వేలం సంస్థ ఒక ఉంగరాన్ని అమ్మకానికి ప్రకటించింది. అందులో పొదిగిన నీలి వజ్రం పేరు 'గోల్కొండ బ్లూ'. ఒకప్పుడు ఇండోర్, బరోడా మహారాజుల దగ్గర ఉన్న రాయి అది. బరువు 23.24 కారట్లు. ఐదు కారట్లు కలిస్తే ఒక గ్రాము. అంటే ఆ రాయి ఐదు గ్రాములు కూడా లేదు. అంచనా ధర మాత్రం సుమారు 300 నుంచి 430 కోట్ల రూపాయలు! మే 14న జెనీవాలో జరగాల్సిన వేలం నుంచి దాన్ని ముందే తప్పించారు కానీ, ఆ ధర విన్నవారికి రెండు సందేహాలు రాక మానవు. వజ్రానికి నీలి రంగు ఎలా వచ్చింది? ఇంత ధర ఎందుకు?

మొదట రంగు సంగతి చూద్దాం. వజ్రమంటే కార్బనే. మన పెన్సిల్‌లోని గ్రాఫైట్ కూడా కార్బనే. పరమాణువుల అమరికలోనే తేడా ఉంది. భూమి లోపల 150 కిలోమీటర్ల కంటే లోతున, విపరీతమైన వేడి, ఒత్తిడి వల్ల కార్బన్ వజ్రంగా మారుతుంది. అప్పుడు పది లక్షల కార్బన్ పరమాణువుల్లో ఒకటో అరో బోరాన్ పరమాణువు చేరితే చాలు, ఆ వజ్రం ఎరుపు కాంతిని పీల్చుకొని నీలంగా కనిపిస్తుంది. నైట్రోజన్ చేరితే పసుపు వస్తుంది. మామూలు వజ్రం గుండా కరెంటు పారదు; బోరాన్ ఉన్న నీలి వజ్రం గుండా కొంత పారుతుంది. అంత లోతున బోరాన్ దొరకడం అరుదు. ధరకు మొదటి కారణం ఈ అరుదుతనమే.

రెండో కారణం గోల్కొండ అన్న పేరు. నిజానికి గోల్కొండ కోటలో వజ్రాల గనులు లేవు. అది వ్యాపార కేంద్రం. గనులు ఎక్కువగా కృష్ణా తీరంలో ఉండేవి. లోతు నుంచి కింబర్లైట్ అనే శిలతో పైకి వచ్చిన వజ్రాలు, ఆ శిల అరిగిపోగా వానలకు, వరదలకు కొట్టుకువచ్చి నది గులకరాళ్లలో చేరాయి. మనకు దగ్గరలోని నారాయణపేట ప్రాంతంలోనూ కింబర్లైట్ శిలలను గుర్తించారు. అమెరికా మ్యూజియంలో ఉన్న 45.52 కారట్ల నీలి 'హోప్' వజ్రం కొల్లూరు గనిదని చెబుతారు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం ముంపు ప్రాంతంలో ఉంది.

ఇక తవ్వినవారి సంగతి. 17వ శతాబ్దంలో ఈ గనులను చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్, కొల్లూరులో దాదాపు 60 వేల మంది పనిచేసేవారని రాశాడు. మగవాళ్లు తవ్వేవారు, ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోసేవారు. మరో గనిలో పని బాగా తెలిసిన కూలికి కూడా ఏడాదికి మూడు వరహాలే దక్కేవట. ఊళ్లు తిరిగి ప్రాజెక్టులకు మట్టి మోసిన పాలమూరు లేబర్ బిడ్డలమైన మనకు ఈ లెక్క వేరుగా వివరించనక్కరలేదు.

నేటికీ తొలకరి పడగానే, గద్వాలకు తుంగభద్ర అవతల ఉన్న కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాల కోసం వెతుకుతారు. రాయి దొరికినవారికి దాని కారట్లు, రంగు, లోపాలు చూసి ధర కట్టడం రాదు. ఆ విద్య కొనేవాడి దగ్గరే ఉంటుంది. అసలు వజ్రమైతే సుత్తితో కొట్టినా పగలదని కొందరు పరీక్షిస్తారు. అది తప్పు. వజ్రం దేన్నైనా గీస్తుంది కానీ, దెబ్బకు పగులుతుంది.

వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల హాస్టళ్లలో ఇంటర్ సైన్సు చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు డిగ్రీలో జియాలజీ అనే సబ్జెక్టు కూడా ఉందని గుర్తుంచుకోవాలి. తరతరాలుగా ఈ నేలను తవ్వింది మనవాళ్లే. ఆ రాయి తూకం, ధర చెప్పేవాళ్లు కూడా మనలోంచి రావాలి.