బెర్తు ఉన్న చోటు

కనుమనాడు అహోబిలమునుండి నరసింహస్వామి పల్లకి పారువేటకు బయలుదేరును. నల్లమల చరియల నానుకొనియున్న ముప్పదికి పైబడిన గ్రామములలో నలువది దినములు సంచరించి, తన కల్యాణోత్సవమునకు జనులను తానే స్వయముగా పిలిచి, బ్రహ్మోత్సవముల వేళకు మరల గుడి చేరును. ఏ రాత్రి ఏ ఊర విడిదియో ఆ వరుస ముందే స్థిరపడియుండును. ఒక్క రాత్రి రెండూళ్ళకు దక్కుట కల్ల. పల్లకి ఎచ్చటనున్నదని ఆళ్ళగడ్డలో అడిగినను రుద్రవరములో అడిగినను వచ్చు సమాధానమొక్కటే. పల్లకి ఒక్కటియే గనుక ఇది సులభము. వేలకొలది పల్లకులు దేశమంతట ఒకేసారి కదలుచుండగా, ప్రతి పల్లకిలోని ప్రతి స్థానమును గూర్చి ప్రతి ఊర అదే సమాధానము వచ్చునట్లు చేయుట ఎంతటి కార్యమో, మన రైల్వేల రిజర్వేషను యంత్రముల కథ తెలిసికొన్ననాడు గాని నాకు బోధపడలేదు.

అహోబిలమునకు రైలు లేదు. నవనారసింహులను సేవింప వచ్చువారు నంద్యాలలో దిగి, ఆళ్ళగడ్డ మీదుగా సుమారు 70 కిలోమీటర్లు రోడ్డున రావలెను. అహోబిల మఠ శిష్యులలో పెక్కుమంది తమిళదేశమువారగుటచే, మదరాసునుండి వచ్చిపోవు కుటుంబములకు కొదువ లేదు. గుంటూరు–గుంతకల్లు మార్గము మీటరుగేజీగా నున్న దినములలో నంద్యాలలో బండి యెక్కినవాడు గుంతకల్లులో పెద్దబండికి మారవలసియుండెను. ఆ పెద్దబండిలో తనకొక పడక దొరకునో దొరకదో నంద్యాల స్టేషను గుమాస్తాకు తెలియు మార్గమే లేకుండెను. అది అతని లోపము కాదు. ఆ సమాచారము అక్కడ లేదు.

ఎచ్చట నుండెననగా, బండి బయలుదేరు పెద్ద స్టేషనులో, గట్టి అట్టవేసిన లెడ్జరులో. బండికొక పుస్తకము, తేదీకొక పుట, పుటలోని గడులయందు సిరాతో వ్రాసిన పేర్లు. ఆ పుస్తకము ముందు కూర్చున్న గుమాస్తాయే ఆ బండికి అధిపతి. ప్రక్క కిటికీవాడు దానిని ముట్టరాదు. కావున బండికొక వరుస, ఆ వరుసలో ముందు నిలుచుటకు తెల్లవారుజామున ఇల్లు విడిచిన జనము. దారిలోని స్టేషనులకు కొన్ని పడకలను కోటాగా విడిచెడివారు. తిరుగు ప్రయాణమునకు తంతి పంపి ప్రత్యుత్తరమునకై వేచియుండెడివారు. ఒక ఊరి కోటా అమ్ముడుపోక పడక ఖాళీగా పోవుచుండగా, అదే బండిలో మరియొక ఊరివారు రాత్రియంతయు తలుపు ప్రక్కన కూర్చుండి ప్రయాణము చేయుట వింత కాకుండెను. పడక కలదు, మనిషి కలడు. ఒకరి సంగతి మరియొకరికి చేరలేదు.

ఈ చిక్కును లోకములో ముందుగా యంత్రమున కప్పగించినవారు జపానువారును అమెరికావారును. 1960లో జపాను రైల్వేలు మార్స్ అను యంత్రమును నిలిపెను. అదే దశకపు తొలి సంవత్సరములలో అమెరికన్ ఎయిర్‌లైన్స్, ఐ.బి.ఎం. సంస్థలు కలిసి సేబర్‌ను నడిపించినవి. కాని మన రైలు లెక్క విమానపు లెక్కకంటె జటిలమైనది. విమానము సాధారణముగా ఒకచోట ఎగిరి ఒకచోట దిగును. సికిందరాబాదునుండి తిరుపతి పోవు బండిలోని ఒక్క పడకను కర్నూలువరకు ఒకరికిని, కర్నూలునుండి వేరొకరికిని అమ్మవచ్చును; దానిపై ఊరూరి కోటాలు, తరగతులు, రాయితీలు, ఆర్.ఏ.సి., వెయిటింగు లిస్టు. గుమాస్తాలు దశాబ్దముల అనుభవముతో తలలో నిలుపుకొన్న ఈ నియమములన్నిటిని యంత్రమునకు తెలియు భాషలో ఒక్కటియు వదలక వ్రాయవలసివచ్చెను. నా దృష్టిలో ఆ పని ఒక ధర్మశాస్త్ర సంకలనమునకు తక్కువది కాదు.

మనదేశములో ఆ పనికి పూనుకొన్నది నాడు ప్రభుత్వరంగ సంస్థగా నుండిన సి.ఎం.సి. వారు ఫోర్ట్రాన్ భాషలో వ్రాసిన ఇంప్రెస్ అను ప్రోగ్రాము 1985లో న్యూఢిల్లీలో వాక్స్ కంప్యూటర్లపై మొదలైనది. అంతటితో అక్కడ ఏ కిటికీ ముందు నిలిచినను అక్కడి ఏ బండికైనను టిక్కెట్టు దొరకసాగెను. తరువాత బొంబాయి, కలకత్తా, మదరాసు, సికిందరాబాదులకు అట్టి కేంద్రములు వచ్చినవి. లెడ్జరు పోయినది గాని లెడ్జరు బుద్ధి పోలేదు. ఒక్కొక్క కేంద్రము తన బండ్ల లెక్కను తానుంచుకొనెను. అసంఖ్యాకములైన చిన్న పుస్తకములకు బదులు ఐదు పెద్ద పుస్తకములు వెలసినవి. ఢిల్లీ పుస్తకమునకు సికిందరాబాదు పుస్తకము పరాయిది. పెద్ద వ్యాపారములందెల్ల కనబడు స్థితియే ఇది: ప్రతి శాఖయు తన యంత్రమును తాను తెచ్చుకొనును, ప్రతి యంత్రమును చక్కగా పనిచేయును, సంస్థకు మాత్రము తన సంగతి తనకు తెలియదు.

ఐదింటిని ఒకటి చేయు భారము 1986లో రైల్వేశాఖ స్థాపించిన క్రిస్ అను సంస్థపై పడినది. సులభముగా తోచు మార్గములు రెండు. సర్వమును ఒకే మహాయంత్రములో కుప్పవోయవచ్చును. అప్పుడు దారిలో ఒక తీగె తెగినను దక్షిణదేశమంతయు కౌంటర్లు మూసికొని కూర్చుండవలెను. లేదా ఐదుచోట్ల ఐదు నకళ్ళు ఉంచవచ్చును. అప్పుడు ఒకే క్షణమున కలకత్తాలో ఒకరు, మదరాసులో ఒకరు అదే పడకను కొందురు. క్రిస్‌వారు ఈ రెండును కాదని, ప్రతి బండికిని ఐదు యంత్రములలో ఒకదానిని పుట్టినిల్లుగా నిర్ణయించిరి. ఆ బండి పడకల లెక్క అక్కడనే యుండును, మరెక్కడను ఉండదు. కదలునది లెక్క కాదు, ప్రశ్న. ఏ ఊరి కౌంటరులో అడిగినను ఆ అభ్యర్థన బండి నంబరును బట్టి దాని పుట్టినింటికి పరుగెత్తి, సమాధానముతో తిరిగివచ్చును.

ఇందు ఇంకొక సూక్ష్మము కలదు. అభ్యర్థన పోయి, పడక కేటాయింపబడి, జవాబు వచ్చులోపల తీగె తెగినచో నేమి? ప్రయాణికుని చేత టిక్కెట్టు లేదు, అక్కడ పడక అమ్ముడుపోయినట్లున్నది. అందుచేత ప్రతి లావాదేవియు సంపూర్ణముగా జరుగవలెను, లేనిచో ఏమియు జరుగనట్లు మొదటి స్థితికి మరలవలెను. నడుమ స్థితి యుండరాదు. ఈ కాపలాకై వారు డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్‌వారి రిలయబుల్ ట్రాన్సాక్షన్ రూటర్ అను ఉపకరణమును వినియోగించి, ప్రోగ్రామును సి భాషలో సరిక్రొత్తగా వ్రాసిరి. దానికి పెట్టిన పేరు కాన్సర్ట్. ఆంగ్లమున ఆ మాటకు కచ్చేరి యని అర్థము. శ్రుతి కలిసిన వాద్యములవలె ఐదు యంత్రములు కూడి పలుకవలసిన ఆ పనికి అంతకన్న తగిన పేరు నాకు తోచదు.

ఆ కచ్చేరి తొలుత మ్రోగినది మన సికిందరాబాదులో, 1994 సెప్టెంబరున. ఈ వాక్యము వ్రాయుచు నేను గర్వించుచున్నాను. నడుచుచున్న కౌంటర్లను ఆపరాదు, అమ్మిన టిక్కెట్టు ఒక్కటియు తప్పిపోరాదు, వరుసలో నిలిచినవానికి లోపల యంత్రము మారినదన్న సంగతియే తెలియరాదు. అంతటి మార్పును మొదట నెత్తిన వేసికొన్న ఊరు మనది. ఆ రాత్రులు మేలుకొన్నవారి పేర్లు ఏ టిక్కెట్టుపైనను లేవు. తక్కిన నాలుగు కేంద్రములును క్రమముగా కాన్సర్ట్‌కు మారి, 1999 ఏప్రిల్ నాటికి ఐదును ఒకే వలగా కూడుకొన్నవి. టిక్కెట్టు మీది పది అంకెల పి.ఎన్.ఆర్. సంఖ్యలో తొలి అంకె ఆ పుట్టినింటి గుర్తు: 1 సికిందరాబాదును, 2, 3 ఢిల్లీని, 4, 5 మదరాసును సూచించెడివి. 2002లో ఐ.ఆర్.సి.టి.సి. ద్వారా ఇంటర్నెట్టులో టిక్కెట్లమ్మకము ఆరంభించినపుడు, ఆ ద్వారము తెరచుకొన్నది ఈ వలలోనికే. పునాది అట్టిది గనుకనే క్రొత్త ద్వారము పెట్టుటకు ఇల్లు పడగొట్టవలసిన అవసరము రాలేదు.

మీటరుగేజీ పోయి నంద్యాలకు పెద్దబండ్లు వచ్చినవి. అక్కడి కౌంటరులో కూర్చున్న గుమాస్తాకు నేడు ఢిల్లీ గుమాస్తాకు తెలిసినంతయు తెలియును. ఫాల్గుణమాసమున ఎగువ అహోబిలములో భవనాశినీనదిలో మునిగి లేచిన వృద్ధుడొకడు, తడి ఉత్తరీయము భుజముపై వేసికొని, తిరుగు ప్రయాణపు టిక్కెట్టు సంగతి మనుమని అడుగును. రాత్రి ఆర్.ఏ.సి. వరుసలో నాలుగవ సంఖ్య. తెల్లవారులోపల ఎవరో, ఎక్కడనో, నలుగురు సభ్యుల కుటుంబము ప్రయాణము మానుకొన్నది. మనుమడు ఫోను చూచి, "తాతా, ఎస్–5, ముప్పదియొకటి, ప్రక్క క్రింది బెర్తు" అనును.