పాత ఫిల్ము, కొత్త తెర

గడచిన సంవత్సరం ఒక సాయంత్రం ముదినేపల్లిలో హైస్కూలు పిల్లలకు 'దేవదాసు' చిత్రం చూపించే పని నా మీద పడింది. కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పుకొనేవాడికి దేవదాసుతో ఏమి పని అని అడగవచ్చును. ప్రొజెక్టరు మా కళాశాలది. దానితోబాటు నేనూ వెళ్ళవలసి వచ్చింది. ఈ చిత్రానికీ మా ప్రాంతానికీ ఉన్న బంధుత్వం అందరూ ఎరిగినదే. నాయకుడు అక్కినేని నాగేశ్వరరావుగారిది గుడివాడ దాపున రామాపురం. దర్శకులు వేదాంతం రాఘవయ్యగారిది కూచిపూడి. పాటలు పాడిన ఘంటసాలగారిది చౌటపల్లి. 1953 జూన్‌లో విడుదలైన ఆ చిత్రాన్ని ఇంటర్నెట్టులో దొరికిన ప్రతి నుండి గోడ మీద వేశాము. ఆ ప్రతి మీద పెద్ద అక్షరాలతో 'హెచ్.డి.', అనగా హై డెఫినిషన్, అని వ్రాసి ఉన్నది.

సగం కథ నడిచేసరికి తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "మాస్టారూ, సావిత్రిగారి ముఖాన కళ్ళూ నోరూ తప్ప ఇంకేమీ తెలియడం లేదేమండీ? అంతా అలికినట్టు ఉందండీ. ఆ రోజుల్లో కెమేరాలు మంచివి కావాండీ?" అని అడిగింది. "కాబోలు" అని తప్పించుకొన్నాను. అది తప్పు జవాబు. తప్పని తెలియడానికి రెండు వారాలు పట్టింది.

విదేశంలో ఉద్యోగం చేస్తున్న నా మిత్రుడొకడు సెలవులకు వచ్చి, ఒక బ్లూ రే డిస్కును, దానిని ఆడించే యంత్రాన్ని కూడా వెంట తెచ్చాడు. (యంత్రం ఎందుకంటే, ఈ డిస్కుల వ్యాపారులు ప్రపంచాన్ని మూడు మండలాలుగా పంచుకొన్నారు. అమెరికా మండలపు డిస్కు మన మండలపు యంత్రంలో ఆడకపోవచ్చును. ఇందులో విజ్ఞానశాస్త్రమేమీ లేదు, వర్తకమే.) డిస్కులో ఉన్నది 'బైసికిల్ థీవ్స్' అనే ఇటలీ చిత్రం. విట్టోరియో డి సికా దర్శకత్వంలో 1948లో తయారైనది. 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో దీనిని ప్రదర్శించారు. యుద్ధంలో నలిగిపోయిన రోము నగరంలో, వీధులలోనే, నటనానుభవం లేని ఒక ఫ్యాక్టరీ కార్మికుణ్ణి నాయకుడుగా పెట్టి తీసిన చిత్రం. దేవదాసు కంటె అయిదేళ్ళు పెద్దది. అయినా మా ఇంటి టెలివిజను మీద ఆ బొమ్మ నిన్న తీసినట్లు ఉన్నది! సైకిలు విడిపించుకోవడానికి ఆ ఇల్లాలు దుప్పట్లు తాకట్టు పెట్టే ఘట్టంలో, కొట్టువాడు మూట పట్టుకొని బీరువాల వరుస మీదికి ఎక్కుతాడు. పై అరల దాకా పేర్చిన మూటలు వేటికవి విడివిడిగా తెలుస్తున్నవి. నాయకుడు గోడకు అంటించే సినిమా పోస్టరు మీద జిగురు తడి, కాగితం ముడత కూడా స్పష్టంగా ఉన్నవి.

పాతదనమే అస్పష్టతకు కారణమైతే ఇటలీ చిత్రం ఇంకా అలికినట్లు ఉండవలె. కనుక కారణం వేరుగా వెదకవలసి ఉన్నది.

ముందు ఫిల్ముకు ఎంత చూపు ఉన్నదో లెక్కకట్టుదాము. ఫిల్ము అనగా ఒక పారదర్శకమైన పట్టీ మీద జెలటిన్ పూత. ఆ పూతలో వెండి హాలైడు స్ఫటికాలు. కాంతి సోకిన స్ఫటికాలు రసాయనాలలో కడిగినప్పుడు నల్లని వెండి రేణువులుగా మారుతవి. బొమ్మ అంతా ఈ రేణువులతో పెట్టిన ముగ్గే. ఆనాటి 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద ఒక్కొక్క బొమ్మ సుమారు 22 మిల్లీమీటర్ల వెడల్పు, 16 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. మంచి కటకం, సరియైన ఫోకసు ఉంటే కెమేరాలోని నెగెటివు ఒక మిల్లీమీటరులో సుమారు 80 జతల నలుపు తెలుపు గీతలను విడదీసి చూపగలదు. దీనినే పృథక్కరణ సామర్థ్యం అంటారు. ఒక జత గీతలకు కనీసం రెండు బిందువులు కావలెను. అప్పుడు వెడల్పున 22 × 80 × 2 = 3520 బిందువులు, నిలువున 16 × 80 × 2 = 2560. మన ఇండ్లలోని హెచ్.డి. టెలివిజనులో నిలువున ఉండే వరుసలు 1080 మాత్రమే. అనగా 1953 నాటి నెగెటివులో ఈనాటి హెచ్.డి. తెర పట్టలేనంత వివరం ఉన్నదన్నమాట. పాత ఫిల్ములను వెడల్పున నాలుగువేల బిందువుల చొప్పున, అనగా 4కె లో, స్కాను చేయడం ఆడంబరం కాదు. ఫిల్ములో ఉన్నదానిని ఉన్నట్లు ఎత్తుకోవడానికి అంత కావలసి ఉన్నది.

మరి ఆ వివరం ఎక్కడ పోయింది? ప్రతులు తీయడంలో పోయింది. నెగెటివును సినిమాహాళ్ళకు పంపరు. దాని నుండి ఒక పాజిటివు, దాని నుండి నకలు నెగెటివు, దాని నుండి హాళ్ళలో ఆడే ప్రింట్లు తీయడం కద్దు. తర్వాత ఎవరో ఒక అరిగిన ప్రింటును వీడియో టేపుకు ఎక్కించారు, టేపు వి.సి.డి. అయినది, వి.సి.డి. ఇంటర్నెట్టుకు ఎక్కినది. ఒక్కొక్క ప్రతిలో సన్నని గీతల స్ఫుటత్వం నూటికి 80 పాళ్ళు మిగులుతుందనుకొందాము. రెండో ప్రతికి 64, మూడో ప్రతికి 51, నాలుగో ప్రతికి 41. వడ్డీ లెక్కే, కాకపోతే తిరగబడినది. దీనికి తోడు ప్రతి నకలులోను నలుపు మరింత నలుపై, తెలుపు మరింత తెలుపై, మధ్య ఛాయలు రెండువైపులా కలిసిపోతవి. సావిత్రిగారి జడ వెనుక చీకటిలో కలిసిపోయినది ఇందువల్లనే.

ఈ సంగతి ఇటలీ డిస్కులోనే కంటితో చూడవచ్చును. ఒక దృశ్యం కరిగి మరొక దృశ్యంగా మారేచోట బొమ్మ కొద్దిసేపు ముతకబడి, మార్పు పూర్తికాగానే మళ్ళీ తేటపడుతుంది. ఆ కాలంలో అటువంటి కలయికలను లాబరేటరీలో నకలు ఫిల్ము మీద తయారుచేసేవారు. ఆ కొద్ది సెకన్లు ఒక తరం దూరమైనవి. డిస్కు తయారుచేసినవారు దీనిని దాచిపెట్టలేదు. అది నాకు నచ్చింది.

ఇక మా గోడ మీది 'హెచ్.డి.' మాట. వి.సి.డి. బొమ్మలో ఉండే బిందువులు 352 × 288, సుమారు లక్ష. పాత చిత్రాల చట్రంలో వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లు కాబట్టి, హెచ్.డి. తెర మీద అది 1480 × 1080 బిందువులను ఆక్రమిస్తుంది. సుమారు పదహారు లక్షలు. లక్ష బిందువులను పదహారు లక్షలు చేయవలెనంటే మిగిలిన పదిహేను లక్షలను యంత్రం పక్కవాటిని చూచి ఊహించి నింపవలసిందే. పాలలో నీళ్ళు పోసి చెంబు పెద్దది చేసినట్లు. హెచ్.డి. అన్నది చెంబు కొలత మాత్రమే. అందులో పాలెన్ని అన్నది ఆ పేరు చెప్పదు.

పాత చిత్రం డిస్కును పరీక్షించేటప్పుడు నేను మొదట చూచేది రేణువులను. తెరకు దగ్గరగా పోయి, ఆకాశంవంటి ఖాళీ చోటును చూడండి. సన్నని ఇసుక మెదలుతున్నట్లు ఉండవలెను. చాలామంది దానిని మురికి అనుకొంటారు. అది మురికి కాదు, ఆ వెండి రేణువులే బొమ్మ. కొందరు తయారీదారులు కంప్యూటరుతో రేణువులను తుడిచివేస్తారు. వాటితోబాటు చర్మంలోని గీతలు, బట్టలోని నేత కూడా తుడిచిపెట్టుకుపోయి ముఖాలు మైనపు బొమ్మలవలె తయారవుతవి. రేణువులు ఉంచడం ఖర్చుతో కూడిన పని. మూడు గంటల చిత్రంలో సెకనుకు 24 చొప్పున 2,59,200 బొమ్మలు. ఫిల్ము పొడవు 16,200 అడుగులు. 4కె లో ఒక్కొక్క బొమ్మ సుమారు 51 మెగాబైట్లు. మొత్తం 13 టెరాబైట్లు దాటుతుంది. డిస్కులో పట్టేది 50 గిగాబైట్లు, అనగా 260వ వంతు. బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మారని భాగాన్ని మళ్ళీ వ్రాయకుండా ఈ కుదింపు సాధిస్తారు. కాని రేణువులు ఏ బొమ్మకు ఆ బొమ్మలో కొత్తగా పడతవి. వాటిని ఊహించడం సాధ్యం కాదు. డిస్కు ఈ భారాన్ని మోయగలదు. సెల్ ఫోనుకు వచ్చే సన్నని ధార మోయలేదు. 'అలికినట్టు' అని మా విద్యార్థిని అన్న మాటకు ఇంతకంటె శాస్త్రీయమైన వివరణ అక్కరలేదు.

ధ్వని విషయం క్లుప్తంగా చెబుతాను. పాత ఫిల్ము అంచున వెలుగునీడల గీతగా అచ్చయిన ధ్వనిలో స్వతహాగా కొంత బుసబుస ఉంటుంది. దానిని పూర్తిగా చంపితే గాయకుని ఊపిరి కూడా చస్తుంది.

రంగుల ప్రసక్తి వచ్చినప్పుడు 'మాయాబజార్' తలచుకోక తప్పదు. కె.వి.రెడ్డిగారి దర్శకత్వంలో, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణంతో 1957లో వచ్చిన ఆ నలుపు తెలుపు చిత్రానికి హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ వారు కంప్యూటరుతో రంగులు వేయించి, వెడల్పు తెరకు మార్చి, 2010 జనవరి 30న విడుదల చేశారు. పిల్లలు దానిని సంతోషంగా చూశారు. ఆ మేలు కాదనలేము. కాని రెండు సంగతులు ఆలోచించవలసి ఉన్నవి. ఒక ఎరుపు, ఒక ఆకుపచ్చ ఫిల్ము మీద ఒకే బూడిదగా పడవచ్చును. ఆ బూడిద నుండి అసలు రంగును రాబట్టమనడం, మొత్తం 12 అని చెప్పి కూడిన సంఖ్యలేవో చెప్పమనడం వంటిది. కాబట్టి ఆ రంగులు చిత్రకారుని ఊహలు. రెండవది చట్రం. 1.37 నిష్పత్తి గల బొమ్మతో 2.35 నిష్పత్తి గల తెరను సాగదీయకుండా నింపవలెనంటే పైనా క్రిందా కోయవలె. 1.37ను 2.35తో భాగిస్తే 0.58. నూటికి 42 పాళ్ళు కత్తెరకు పోతవి. బార్ట్లే వెన్నెలను నలుపు తెలుపుల మధ్య ఎన్ని మెట్లుగా అమర్చాడో చూడదలచినవారు పాత రూపమే చూడవలెనని నా అభిప్రాయం.

నెగెటివుకే తిరిగి వెళ్ళి కొత్తగా స్కాను చేస్తే సరిపోదా? సరిపోతుంది, నెగెటివు మిగిలి ఉంటే. 1950 ప్రాంతానికి ముందు ఫిల్ము పట్టీ నైట్రో సెల్యులోజు, ఇట్టే అంటుకొనేది. తరువాతిది సెల్యులోజు ఎసిటేటు. నిప్పు భయం తగ్గింది గాని నీటి భయం వచ్చింది. గాలిలోని తేమతో ఎసిటేటు జల విశ్లేషణ చెంది ఎసిటిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. ఆ ఆమ్లమే ఉత్ప్రేరకమై ఆ చర్యను ఇంకా వేగిరపరుస్తుంది. ఒకసారి మొదలైతే ఆగదు. పట్టీ కుంచించుకొని, మెలితిరిగి, పూత నుండి విడిపోతుంది. 21 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉన్న గదిలో కొత్త ఫిల్ముకు ఈ జబ్బు తగలడానికి దాదాపు నలభై ఏళ్ళు పడుతుందని లెక్క. బందరు సముద్రపు గాలికి, మన ఎండలకు ఆ లెక్క వర్తించదు. జెలటిన్ మీద పెరిగే బూజు సంగతి సరేసరి.

చాలా దెబ్బతిన్నదానిని బాగుచేసిన ఉదాహరణ కూడా ఉన్నది. 1993లో లండను లాబరేటరీలో జరిగిన అగ్నిప్రమాదంలో సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలీ' నెగెటివు కాలింది. పెళుసుబారిన ఆ ముక్కలను ఇటలీలోని బొలోనా నగరపు లాబరేటరీలో ద్రావణంలో నానబెట్టి మెత్తపరచి, చేతితో అతికి, స్కాను చేశారు. ఆ చిత్రంలో సుమారు 40 శాతం కాలిన నెగెటివు నుండే తిరిగి వచ్చింది. మిగిలినది ఇతర దేశాలలో దొరికిన మంచి ప్రతుల నుండి పూరించారు. 2015లో ఈ పని పూర్తి అయింది. మన దేవదాసును కూడా జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ, పూనాలోని ఫిల్ము భండారం పునరుద్ధరించగా, 2024 నవంబరులో గోవా చలనచిత్రోత్సవంలో ఆ ప్రతిని ప్రదర్శించారు. అంతకు ముందు సెప్టెంబరులో అక్కినేని శతజయంతికి ఆయన చిత్రాలు పదింటిని ఎన్నో నగరాలలో వేశారు. మా గోడ మీద పడినది ఆ ప్రతి కాదు.

అందని చిత్రాలు కూడా ఉన్నవి. బందరులో పుట్టిన రఘుపతి వెంకయ్యగారు మద్రాసులో స్టూడియో పెట్టి, కుమారుడు ప్రకాశ్ చేత తీయించిన మూగచిత్రం 'భీష్మ ప్రతిజ్ఞ' ఈనాడు చూడటానికి లేదు. 1932 నాటి మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రతీ లేదు. వీటికి ఏ స్కానింగు యంత్రమూ పనికిరాదు.

ఈ సంగతులన్నీ మరుసటి వారం ఆ పిల్లలకు చెప్పాను. చెబుతుండగా ఒక కుర్రవాడు, తమ తాతగారు పూర్వం టూరింగ్ టాకీసు నడిపేవారనీ, అటక మీద రేకుడబ్బా ఒకటి ఉన్నదనీ అన్నాడు. తెప్పించి మూత తీస్తే గదంతా పుల్లని వాసన, అచ్చంగా వెనిగరు. బ్రోమోక్రెసాల్ గ్రీన్ ద్రావణంలో ముంచి నీలిరంగుకు తెచ్చి ఆరబెట్టిన వడపోత కాగితం ముక్కను ఆ డబ్బాలో ఉంచి మూతపెట్టాము. ఏ పాఠశాల ప్రయోగశాలలోనైనా ఈ ప్రయోగం చేయవచ్చును. వాసన పీల్చడం మాత్రం కూడదు. మరునాటికి కాగితం పసుపుపచ్చగా మారింది. చుట్ట లోపలి భాగం అట్టకట్టి ఉన్నది. పై పొరల నుండి ఒక జానెడు ముక్క ఊడివచ్చింది.

దానిని కిటికీకి ఎదురుగా పట్టి, జీవశాస్త్రం బల్ల మీది భూతద్దం ఇచ్చాను. మొదట ప్రశ్న అడిగిన అమ్మాయి చాలాసేపు చూచింది. "చీర అంచున బుటాలు ఉన్నాయండీ, లెక్కపెట్టవచ్చు," అన్నది.